అభిప్రాయం పరగడుపునే తీసుకోవాలి

నేను రాజమండ్రిలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్ని. పద్దెనిమిదేళ్లుగా జనం చేతుల్లోంచి రక్తం తీస్తున్నాను. నిరుడు మా బాబాయ్ కొడుకు మంచి కెమెరా కొన్నాడు. కొన్నాక ఊరికే ఉండలేక పెళ్లిళ్లు తీశాడు, పుష్కర ఘాట్ తీశాడు, చివరికి “అక్కా, నీ దగ్గర కథేమైనా ఉందా?” అని నా మీద పడ్డాడు. ఉంది. ఇద్దరం కలిసి పదహారు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. పేరు ‘మూడు నెలల సగటు’.

సినిమా ఎలా తీయాలో చెప్పేవాళ్లు వీధికొకరున్నారు. తీశాక చూసినవాళ్ల మాట ఎలా వినాలో మాత్రం నాకెవరూ చెప్పలేదు. తప్పులు చేసి నేర్చుకున్నాను. మీ సినిమా కూడా మొగుడూ పెళ్లాల మధ్య మూడో మనిషి గురించే అయితే, అందులోనూ నవ్వాలో వద్దో తెలియక జనం తడుముకునే రకం అయితే, ఈ సంగతులు మీకు పనికొస్తాయి. ఇలాంటి సినిమా మీద ఎవరూ మొదటిసారే నిజం చెప్పరు. నిజం చెబితే తమ ఇంటి సంగతి చెప్పినట్టవుతుందని భయం.

ముందు కథ చెప్తాను, లేకపోతే తర్వాతిదేదీ అర్థం కాదు. రాజ్యం అనే ఆవిడ పద్నాలుగేళ్లుగా మొగుడి షుగర్‌ని అదుపులో పెడుతూ వస్తుంది. కొర్ర అన్నం, కాకరకాయ, చక్కెర లేని కాఫీ. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష. ఎప్పుడూ ఏడు దాటదు. ఈసారి 9.1 వచ్చింది. ల్యాబ్‌లో అమ్మాయి మిషన్ తప్పేమో అని మళ్లీ చేస్తుంది. మళ్లీ అంతే. రాజ్యం కాసేపు ఆ కాగితం వంక చూసి, “నేను పెట్టలేదు. అంటే ఇంకెవరో పెడుతున్నారు” అంటుంది. ఆ రిపోర్టులో ఉన్న గమ్మత్తు తెలిసినవాళ్లకి ఈ మాట ఇంకా బాగా తగులుతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్లూ దానికి చక్కెర అంటుకుంటూనే ఉంటుంది. పరీక్షకి ముందు రోజు ఉపవాసం ఉండి మామూలు షుగర్ రిపోర్టుని మోసం చేయొచ్చుగానీ, దీన్ని చేయలేరు. రెండు మూడు నెలల లెక్క మొత్తం చెప్పేస్తుంది.

తర్వాత స్కూటర్ డిక్కీలో తాపేశ్వరం కాజా పొట్లం దొరుకుతుంది. ధవళేశ్వరంలో భర్త పోయిన ఒకావిడ ఇల్లు దొరుకుతుంది. రాజ్యం గొడవ పడదు. ఇంటికొచ్చి శనగపప్పు నానబోస్తుంది. ఆ రోజు నుంచి బొబ్బట్లు, సున్నుండలు, పాలకోవా. టిఫిన్ క్యారేజీలో కూడా సర్ది పంపుతుంది, “దారిలో ఎవరైనా కలిస్తే వాళ్లకీ పెట్టండి” అని. రెండిళ్లలోనూ తీపి దొరుకుతున్నందుకు ఆయన మహా సంబరపడిపోతాడు.

ఇదీ కథ. దీన్ని మొదటిసారి దానవాయిపేటలో మా మేడ మీద చూపించాం. ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చి, దండెం మీద తెల్ల దుప్పటి కట్టి, పదహారు మందిని పిలిచాం. రాగానే మిరపకాయ బజ్జీలు, టీ. సినిమా అయ్యాక “ఎలా ఉంది?” అని అడిగాను. “బాగుందమ్మా”. “చాలా బాగా తీశారు”. “కెమెరా ఎంతైంది?” మూడో వరసలో ఒకాయన మాత్రం ఏమీ అనకుండా నీళ్లు తాగడానికని కిందికి వెళ్లి మళ్లీ పైకి రాలేదు. ఆ రాత్రి నాకు వచ్చిన నిజమైన అభిప్రాయం అదొక్కటే.

తప్పు ఎక్కడుందో మర్నాడు ల్యాబ్‌లో కూర్చున్నప్పుడు తట్టింది. ఎవరైనా టిఫిన్ తినేసి ఫాస్టింగ్ శాంపిల్ ఇస్తానంటే నేను ఒప్పుకుంటానా? బజ్జీ తిన్నాక ఎవడు మాత్రం మొహం మీద బాలేదని అంటాడు? అందుకే మొదటి నియమం, శాంపిల్ పరగడుపునే తీసుకోవాలి. ముందు సినిమా, తర్వాత కాగితం, ఆ తర్వాతే బజ్జీ. మా తమ్ముడికి ఇది నచ్చలేదు, “ఆకలి మీద ఉన్నోళ్లు చిరాగ్గా రాస్తారక్కా” అన్నాడు. చిరాగ్గానే రాయనీ.

ఎవర్ని పిలవాలనేది కూడా చెప్పుకోవాలి. పన్నెండు నుంచి పదిహేను మంది చాలు. నటించినవాళ్లనీ, వాళ్ల అమ్మానాన్నల్నీ పిలవద్దు. వాళ్లు సినిమా చూడరు, వాళ్లబ్బాయిని చూస్తారు. సినిమాలు తీసే స్నేహితులు ఒకరిద్దరు ఉంటే ఉండొచ్చు, మించితే లెన్సుల గురించి మాట్లాడి మిగతావాళ్ల నోళ్లు మూయిస్తారు. మామూలుగా సినిమాలు చూసేవాళ్లు కావాలి: కిరాణా కొట్టాయన, ట్యూషన్ మాస్టారు, పక్కింటి కోడలు, కొత్తగా పెళ్లయినవాళ్లు, ముప్పయ్యేళ్ల కాపురం చేసినవాళ్లు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మొగుడూ పెళ్లాల్ని పక్కపక్కన కూర్చోబెట్టకండి. నేను చేసిన పెద్ద తప్పు అదే. డిక్కీలో కాజా పొట్లం దొరికే సీనులో నవ్వు వస్తుందని లెక్కేసుకున్నాం. చిన్న శబ్దం కూడా రాలేదు. తెర వంక కాకుండా జనం వంక చూస్తే తెలిసింది: భార్యలు పక్కకి తిరిగి భర్తల మొహాలు చూస్తున్నారు, భర్తలు తెరని తప్ప దేన్నీ చూడట్లేదు. రెండోసారి ఆడవాళ్లకి ఒక శనివారం, మగవాళ్లకి మరో శనివారం పెట్టాను. అదే సీను, అదే పొట్లం. ఆడవాళ్ల ఆటలో పొట్లం కనపడకముందే, రాజ్యం డిక్కీ తాళం తిప్పుతుంటేనే మొదలైంది నవ్వు. మగవాళ్ల ఆటలో నవ్వు రాలేదుగానీ వెనకనుంచి ఒకాయన “అక్కడ పెడతాడేంట్రా బుద్ధిలేనోడు” అన్నాడు. ఆ మాట నేను కాగితం మీద రాసుకుని గుండ్రంగా సున్నా చుట్టాను. నా సినిమాకి వచ్చిన అభిప్రాయాల్లో అంత నిజాయితీ ఉన్నది మరొకటి లేదు.

ఆట నడుస్తున్నప్పుడు మీరు మీ సినిమా చూడకూడదు. అది మీకు కంఠతా వచ్చు. తెర పక్కన ఒక మూల, జనం మొహాలు కనపడేలా కూర్చోండి. చేతిలో నోటుపుస్తకం, వాచీ. జనం అనుమతి తీసుకుని ఒక ఫోన్‌ని రికార్డింగ్‌లో పెట్టి తెర దగ్గర ఉంచండి. సినిమా మొదలయ్యేటప్పుడు ఒక చప్పట్లు కొట్టండి. తర్వాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రికార్డింగ్‌ని సినిమా కింద వేసి చప్పట్ల దగ్గర కలిపితే ఏ సెకనులో నవ్వారో, ఎక్కడ దగ్గారో, ఎక్కడ కుర్చీలు జరిగాయో గీతల రూపంలో కనపడుతుంది. మా తమ్ముడు దాన్ని చూసి “అక్కా, ఇది ఈసీజీలా ఉంది” అన్నాడు. అలాగే చదవాలి దాన్ని.

నవ్వులన్నీ ఒకటి కావు. నాట్యశాస్త్రంలో భరతుడు నవ్వుని ఆరు రకాలు చేశాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండూ ఉత్తములకి, మధ్యవి మధ్యములకి, చివరి రెండూ అధములకి అన్నాడు. ఆ మాట మా పెద్దమ్మ దగ్గర అనకండి, ఆవిడకి నవ్వొస్తే చీర కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగదు. నేను మాత్రం ఈ ఆరూ వాడుకున్నాను, నోటుపుస్తకంలో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేస్తూ. నాకు కావాల్సిన నవ్వు ఆ జాబితాలో లేదు. దానికి నేనే ‘సగం నవ్వు’ అని పేరు పెట్టుకున్నాను. నవ్వు మొదలై, మధ్యలో “అయ్యో” అని ఆగిపోయేది. రాజ్యం క్యారేజీ సర్దుతూ మూడో గిన్నెలో కూడా పాలకోవా పెట్టినప్పుడు అది వచ్చింది. భరతుడే శృంగారం నుంచి హాస్యం పుడుతుందన్నాడు. భయం పుట్టేది మాత్రం బీభత్సం నుంచట, అంటే అసహ్యం నుంచి. మా సినిమాలో బీభత్సం ఎక్కడుందో ఎంత వెతికినా బొబ్బట్టే కనిపించింది.

సినిమా అయిపోగానే దీపాలు వేసేయకండి, మాట్లాడకండి. ఒకరు గొంతెత్తి “సూపర్” అంటే మిగతా పద్నాలుగు మందీ అదే రాస్తారు. ముందు కాగితాలు పంచండి. ఏ4 కాగితంలో సగం. పేరు అక్కర్లేదు, వయసు రాస్తే చాలు. “ఎలా ఉంది”, “నచ్చిందా”, “ఎన్ని మార్కులు” ఇలాంటివి అడగొద్దు. నేను మూడే అడిగాను. ఒకటి, ఈ కథని రేపు మీ స్నేహితులకి ఎలా చెప్తారో నాలుగు వాక్యాల్లో రాయండి. రెండు, ఎక్కడ ఫోన్ చూసుకోవాలనిపించింది? మూడు, చివర్లో ఏం జరిగింది?

మొదటి ప్రశ్నే బంగారం. కథ తిరిగి చెప్పేటప్పుడు జనం వాడే మాటల్లో వాళ్ల తీర్పు దాక్కుని ఉంటుంది. ఒకరు “ఎఫైర్” అని రాశారు. ఒకరు పేపర్ భాషలో “వివాహేతర సంబంధం”. ఒక పెద్దాయన “రంకు” అని రాసి కొట్టేసి “చిన్నిల్లు” అని రాశాడు. ఆ కొట్టివేత చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. చిన్నిల్లు అనగానే మన సినిమాల్లో కామెడీ ట్రాక్ గుర్తొస్తుంది, కొంటె పాట గుర్తొస్తుంది, మగాడి తప్పు కాస్త ముద్దొస్తుంది. రంకు అంటే అలా కాదు, ఆ మాట ఎక్కువగా ఆడదాని మీదే పడుతుంది. ధవళేశ్వరం ఆవిడ గురించి రాసేటప్పుడు ఆడా మగా తేడా లేకుండా చాలామంది “ఉంచుకున్నది” అన్నారు. సినిమాలో ఆవిడకి సొంతిల్లు ఉంది, కుట్టు మిషన్ ఉంది, ఈయనకే అక్కడ కాఫీ పెట్టి పంపుతోంది. ఎవరు ఎవర్ని ఉంచుకున్నట్టు? కానీ అది చూసినవాళ్ల తప్పనుకోవద్దు. మేమే ఆవిడ ఇంటిని సరిగా చూపించలేదు. కుట్టు మిషన్ మీద రెండు సెకన్లు ఎక్కువ ఆగాం, తర్వాతి ఆటలో ఆ మాట రాసినవాళ్లు తగ్గారు.

మగవాళ్ల ఆటకి వచ్చినవాళ్లలో ఒక రిటైరైన వకీలు గుమాస్తా ఉన్నారు. అప్పటి కట్‌లో రాజ్యం ఒకచోట “పోలీసులకి చెప్తాను” అంటుంది. ఆయన కాగితం మీద ఏమీ రాయలేదు, నన్ను పక్కకి పిలిచి, “ఏ సెక్షన్ కింద చెప్తుందమ్మా?” అన్నారు. 497 ఉంది కదండీ, ఇంకొకరి భార్యతో సంబంధం పెట్టుకున్నవాడికి శిక్ష వేసేది, అన్నాను. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిలు దాన్ని కొట్టేశారని చెప్పారు. విడాకులకి కారణంగా చూపించొచ్చుగానీ జైలుకి పంపలేరట. అంతకంటే ముఖ్యమైనది తర్వాత చెప్పారు. ఆ సెక్షన్ బతికున్న రోజుల్లో కూడా కేసు పెట్టే హక్కు సంబంధంలో ఉన్న ఆ ఆడమనిషి భర్తకే ఉండేది, మోసపోయిన భార్యకి కాదు. మా కథలో ఆ రెండో ఆవిడకి భర్తే లేడు. అంటే రాజ్యానికి పాత చట్టంలోనూ దారి లేదు, ఇప్పుడూ లేదు. ఆవిడకి స్టేషన్‌కి వెళ్లే వీలే లేదు, అందుకే వంటింట్లోకి వెళ్లింది. ఆ డైలాగ్ తీసేశాం. ఒక్క వాక్యం పోతే సినిమా అంతటికీ పదును వచ్చింది. పిలిచే పదిహేను మందిలో ఇలాంటి మనిషి ఒకరైనా ఉండేలా చూసుకోండి.

పోలికలు చెప్పేవాళ్లు తప్పకుండా ఉంటారు. కంగారు పడొద్దు. నాకు ముగ్గురు “హిందీలో చట్నీ అని ఒకటుంది, చూశారా?” అన్నారు. చూడలేదు. వెళ్లి చూశాను. 2016లో వచ్చింది, జ్యోతి కపూర్ దాస్ తీశారు, టిస్కా చోప్రా భార్యగా వేశారు. అందులో భార్య, తన మొగుడితో చనువుగా ఉన్న అమ్మాయిని ఇంటికి పిలిచి, పకోడీలూ చట్నీ పెట్టి, ఒక కథ చెబుతుంది. మా ట్యూషన్ మాస్టారు ఆ మాట విని “మనకి కొత్తేం కాదమ్మా, శుకసప్తతిలో చిలక చేసే పనీ అదే, కథ చెప్పి ఆపడం” అన్నారు. పాలవేకరి కదిరీపతి రాసినది. ప్రియుడి కోసం బయల్దేరే ఇల్లాలికి చిలక కథలు చెప్పి కదలనివ్వదు. పోలిక చెప్పినప్పుడు “మాది వేరండీ” అని వాదించకుండా, ఎక్కడ వేరో వెతుక్కోండి. అప్పటిదాకా మా చివరి సీన్లలో ఇద్దరు ఆడవాళ్లూ ఒకసారి ఎదురుపడేవారు. చట్నీ చూశాక ఆ సీను తీసేశాను. వాళ్లు ఒకరినొకరు చూసుకోకుండానే, ఒకే మనిషి కడుపులో కలుసుకుంటే చాలనిపించింది.

“మెసేజ్ ఏంటి?” అని అడిగేవాళ్లకి జవాబు చెప్పకండి. కాళ్లకూరి నారాయణరావు గారు చింతామణి నాటకం రాసింది వేశ్యాలోలత్వం ఎంత చెడ్డదో చెప్పడానికే. కానీ ఊళ్లలో జనం ఎదురుచూసింది అందులో నవ్వించే సుబ్బిశెట్టి కోసం. ఆడేవాళ్లు కూడా ఆ పాత్రని పెంచుకుంటూ పోయారు. చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. మెసేజ్ రాసుకున్నంత మాత్రాన జనం దానికే నవ్వరు.

చాలామంది చూసినవాళ్లు జబ్బు చెప్పరు, మందు చెప్తారు. “ఆ పాట తీసేయండి”, “హీరోయిన్‌ని మార్చండి” ఇలా. ల్యాబ్‌కొచ్చేవాళ్లూ అంతే, “గ్యాస్ టెస్ట్ చేయండి” అంటారు. మందు పక్కన పెట్టి నొప్పి ఎక్కడుందో అడగాలి. ఐదుగురు ఐదు రకాల సలహాలిస్తే, ఆ ఐదూ ఏ నిమిషం గురించో చూసుకోండి. మాకు అన్నీ ఏడో నిమిషం దగ్గరే పడ్డాయి. అక్కడ ఆయన స్కూటర్ మీద గోదావరి గట్టున వెళ్తూ ఉంటాడు, నలభై సెకన్లు. సూర్యాస్తమయం బాగా వచ్చిందని మా తమ్ముడు ముచ్చటపడి ఉంచాడు. పన్నెండు సెకన్లకి దించాం. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు ముగింపు గోల. మొదటి కట్‌లో ఆయన బొబ్బట్టు తింటూ తింటూ కంచంలోకి ముఖం పెట్టి పడిపోతాడు. ఆడవాళ్ల ఆటలో అతిహసితం అంటే ఏమిటో అప్పుడు విన్నాను, రికార్డింగ్‌లో గీత పైకి తగిలింది. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. కాగితాలు తీసి మూడో ప్రశ్న చదివితే సగంమంది “విషం పెట్టింది” అని రాశారు. మా ల్యాబ్‌కి రిపోర్టులు పంపే ఒక షుగర్ డాక్టరు గారికి ఫోన్‌లో చూపిస్తే ఆయన నవ్వి, “9.1కి మనిషి ఇలా కంచంలో పడిపోడమ్మా. షుగర్ తొందరపడదు. కళ్లు, కిడ్నీలు, నరాలు, ఒక్కొక్కటీ నెమ్మదిగా” అన్నారు.

నవ్వుని నమ్మాలని ఇంతసేపూ చెప్పిన నేనే ఇక్కడ ఇరుక్కున్నాను. అందుకే రెండో శాంపిల్ కావాలి. తిన్న రెండు గంటలకి మళ్లీ రక్తం తీసినట్టు, వారం తర్వాత చూసినవాళ్లకి ఫోన్ చేయండి. “సినిమాలో ఏం గుర్తుంది?” అని ఒక్కటే అడగండి, సాయం చేయొద్దు. నేను తొమ్మిది మందికి చేశాను. కంచంలో పడటం ఒక్కరు కూడా చెప్పలేదు. అంత పెద్ద నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. అందరూ క్యారేజీ గురించే చెప్పారు. ఒకావిడ “ఎంత ఓపికగా సర్దిందో” అంది. ఓపిక అనే మాట, డాక్టరు గారి నెమ్మదిగా అనే మాట పక్కపక్కన పెట్టి చూసుకుని ముగింపు మళ్లీ తీశాం.

ఇప్పుడు ఆయన పడిపోడు. రాజ్యం ల్యాబ్‌లో ఆయన పక్కన కూర్చుంటుంది. 9.1 కాస్తా 10.4 అయింది. అమ్మాయి భయపడుతూ రిపోర్టు ఇస్తుంది. రాజ్యం దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని “మళ్లీ ఎప్పుడు రమ్మంటావమ్మా?” అంటుంది. “మూడు నెలలకండీ.” ఆవిడ సరే అని తలూపి, ఆయన చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దింపుతుంది. కొత్త ముగింపుతో చూపించినప్పుడు నాలుగైదు సెకన్లు చప్పుడు లేదు. నా గుండె జారింది. తర్వాత వెనకనుంచి ఒక్కరు నవ్వారు, ఆ తర్వాత అందరూ. మూడో ప్రశ్నకి ఈసారి విషం అని ఎవరూ రాయలేదు. “ఇంకా ఏమీ జరగలేదు, జరుగుతుంది” అని రాశారొకరు.

మూడో శాంపిల్ మీకు తెలిసిందే, మూడు నెలల సగటు. దానికి మీరు ఫోన్ చేయకూడదు, వాళ్లంతట వాళ్లు చెప్పాలి. చాలామంది చెప్పరు. మొన్న మా పెద్దమ్మ ఏదో పని మీద ఫోన్ చేసి, పెట్టేయబోతూ, “మీ పెదనాన్న నిన్న రెండో లడ్డూ అడిగారే, ఎందుకో నీ సినిమా గుర్తొచ్చింది” అంది.

“పెట్టావా?” అన్నాను.

“పెట్టాను” అంది.